మెంతి వాసన కాగితం

చొక్కా జేబు తడమకుండా
మిషన్లో పడేసింది నేనే.
బస్సు టికెట్టో, సరుకుల చీటీయో,
ఎవరిదో రాసుకొచ్చిన ఫోన్ నంబరో
అన్నీ కలిసి ఒక తెల్లటి ముద్దై
నల్ల ప్యాంటు నిండా నూగులా అంటుకుంది.
దండెం దగ్గర నిలబడి గిల్లుతున్నాను
ఆయన్ని తిట్టుకుంటూ.

కంచె అవతల మెర్విన్ నవ్వాడు.
"ముప్పయ్యొక్కేళ్లు నేను చేసిందీ అదే.
కాకపోతే మాకు జీతమిచ్చేవాళ్లు."

బర్నీలో కాగితం మిల్లు ఎప్పుడో మూతపడింది.
ఆ రోజుల్లో ఊరంతా ఎంత కంపుకొట్టేదో
అతను చెబుతుంటే
పోయిన చుట్టం గురించి విన్నట్టుంటుంది.

మర్నాడు గ్యారేజీలోంచి చెక్క చట్రం తెచ్చాడు,
పాత దోమతెర బిగించి.
నేను కరెంటు బిల్లులు నానేశాను,
బడి నుంచొచ్చిన నోటీసులూ
కిన్నెర కొట్టేసిన లెక్కలూ.
ఆ మిక్సీ జారు మళ్లీ పచ్చడికి పనికిరాదని తెలిసే
తిప్పాను, గుర్రుమంటుంటే.

"జిగురేం కలుపుతావు?" అన్నాడు.
చెయ్యి దానంతటదే మెంతుల డబ్బా మీదికి పోయింది.

మా మేనత్త వరహాలమ్మ
పేపర్లు నానేసి, మెంతులు రుబ్బి కలిపి
బోర్లించిన బిందె మీద మెత్తేది.
ఎన్నికలు, హత్యలు, సినిమా బొమ్మలు
అన్నీ ఒకే బూడిద రంగు.
రెండెండలు తగిలితే బుట్ట.
దాన్నిండా ఎండుమిరపకాయలు పోసి
"ఇప్పుడు చదవండ్రా" అనేది.

చట్రం ముంచి తీశాను.
ఒక పక్క దిబ్బరొట్టె, ఒక పక్క జల్లెడ.
మళ్లీ ముంచాను. మళ్లీ అంతే.
కిన్నెర నోరు మూసుకుని నవ్వింది.

మెర్విన్ చేతులు వణుకుతాయి.
అతను పట్టుకుంటే కప్పు సాసర్లో మోగుతుంది.
సంతకం పెట్టాల్సిన కాగితాలు
ఎవరూ చూడకుండా ఇంట్లోనే పెట్టుకొస్తాడు.
ఆ చేతుల్తో చట్రం అందుకున్నాడు.
ముంచి, పైకి లేపి, ఊరుకున్నాడు.
వణుకు వణుకుతూనే ఉంది.
ఆ వణుక్కి పీచు అటూ ఇటూ సర్దుకుని
పాల మీద మీగడ కట్టినట్టు
అంచు నుంచి అంచుకి
సమంగా పరుచుకుంది.

నేను తువ్వాలు దులిపాను, అవసరం లేకపోయినా.
అతను నీళ్లకేసి చూస్తూ
"ఇంకోటి తియ్యనా?" అన్నాడు.

పదకొండు తీశాడు ఆ మధ్యాహ్నం.

ఇప్పుడు డైనింగ్ టేబుల్ మీద అన్నానికి చోటు లేదు.
అతని మాత్రల వెండి రేకులు చేపలయ్యాయి.
నా జాకెట్టు ముక్కల జరీ ఇసుకైంది.
రాలిన యూకలిప్టస్ ఆకు ఒకటి
పడవ అవుతానంది, కానిచ్చాం.
సముద్రం పసుపు రంగే ఉండాలని కిన్నెర పట్టు.
బాస్ జలసంధిని గరిటెడు పసుపుతో కలిపాను.
నా గోళ్లు ఇంకా వదల్లేదు.
మిగతా మాత్రలు ఎప్పుడైపోతాయని అది అడిగితే
మెర్విన్ చాలాసేపు నవ్వాడు.

ఆయన ఆఫీసు నుంచి రాగానే
జేబులు తిరగేసి గిన్నెలో దులుపుతారు.
"ఇవాళ రెండే" అంటారు, అప్పు తీర్చేవాడిలా.

జూలై ఎండకు ఓపిక తక్కువ.
తడి కాగితాలు కిటికీ అద్దాలకు అతికించాం.
పొద్దున్న వెలుగు పడితే
ఒక దాంట్లో, నలగకుండా మిగిలిన ముక్క:
ఏడెనిమిదులు యాభై నాలుగు.
దాని మీద ఏదైనా అంటిద్దామని
గుండీ పట్టుకుని నిలబడ్డాను.
గుండీ డబ్బాలోకే వెళ్లిపోయింది.

మెర్విన్ వచ్చి ముక్కు ఆనించి చూశాడు.
"మా మిల్లు ఈ వాసనేసుంటే
మూయనిచ్చేవాళ్లం కాదు."

కింది మూల ఇంకా తడిగానే ఉంది.
ముట్టుకోవద్దని చెప్పి
నేనే ముట్టుకున్నాను.