చిటికెనవేలు

రోలా సందుల నూటెనభై దిర్హాములకు తెచ్చిన.
మూత మీద ఎవరిదో స్టిక్కరు,
గీకినా పోని సగం పువ్వు.
తెరిస్తే చాలు, క్యాంపు ఏసీ లెక్క గురక.

"ర్యామ్ పెంచు, డిస్కు మార్చు, ఉరుకుతది"
అన్నడు కింది మంచం బషారత్.
రెండు శుక్రవారాల ఓవర్‌టైము
దాని కడుపుల పోసిన.
పన్నెండు మరలు విప్పినం,
మళ్ల బిగిస్తే ఒకటి మిగిలింది.
ఎక్కడిదో ఇప్పటికీ తెల్వదు.

ఇప్పుడది చాయ్ మరగకముందే లేస్తది.
నా వేలే దానికి ఆనది.
పదకొండేండ్లు సలాకలకు తీగె చుట్టి
కాయ కాసిన వేలు,
ఎంత రుద్దినా బాణం కదలదు.
ఎయిర్‌పోర్టుల అద్దం గూడ గంతే:
మళ్ల పెట్టు, మళ్ల పెట్టు.

ఆఖరికి చిటికెనవేలు పెట్టిన,
ఏ పనికీ పిలువని వేలు.
బాణం చేపపిల్ల లెక్క జారింది.

అరబ్బీ అక్షరాల సందుల నుంచి
ఒక్కొక్కటి ఏరి
గడిల నా పేరు కొట్టిన: పోచమల్లు.
పక్క గడిల గంటలు.
కింద కూడిక.

మూడుసార్లు కూడిపిచ్చిన.
మూడుసార్లూ అదే లెక్క.
జీతం చిట్టీలనే
పద్నాలుగు గంటలు తక్కువ.

రాత్రి రెండయింది.
బషారత్‌ను లేపాలె,
వానియి గూడ కూడాలె.