రెండో బ్రేకు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు
ఎనిమిది వందల సీసీ బండిలో
పదమూడు వందల ఇంజన్ పెట్టి చూడు అనలేదు.
వాళ్లు పుదుప్పేట చూడలేదు మరి.

ఆ సందులో కార్లు నిలబడవు.
తలుపులు ఒక కొట్లో, అద్దాలు ఇంకో కొట్లో,
స్టీరింగులు ఇనప కడ్డీకి
ఆంజనేయుడి వడమాలలా.
నా ఇంజన్ గోనెసంచి మీద కూర్చుని ఉంది.
వరదలో మునిగిన కారుదట.
ఇన్బరాజ్ సంపు విప్పాడు:
గుప్పెడు అడయారు బురద,
ఎండి, పలకలుగా పగిలి,
అందులో ఒక నత్తగుల్ల.
"లోపల బాగుందక్కా" అన్నాడు.
దాన్ని నడిపిన మనిషి సంగతి నేనడగలేదు.

ఇరవై రెండు వేలు.
ఆ ఒక్క అంకే మా ఆయనకి చెప్పాను.

ఆ తర్వాత మౌంటింగులు. పాత చెవులకి కొత్త కమ్మలు పట్టలేదు,
కోసి, వెల్డింగ్ చేసి, మళ్లీ కోసి.
బరువుకి ముందు స్ప్రింగులు కుంగాయి,
బండి దేనికో దణ్ణం పెడుతున్నట్టు వంగింది.
పాత రేడియేటర్ పది నిమిషాల్లో
ఎసరు కాగినట్టు కాగింది.
టిఫిన్ డబ్బా అంత కంప్యూటర్‌కి తొమ్మిది వేలు పోస్తే
అదీ వరద నీళ్లు తాగిందే.
ఇంకోటి కొన్నాం.
"ఇంత వేగం పెట్టి పాత బ్రేకులేంటక్కా?
ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరమా?"
బేరం చెయ్యలేదు.
ఒక జత గాజులు ఇంట్లోంచి వెళ్లాయి,
వాటి సంగతి ఇక్కడ వద్దు.

ఫయాజ్ అని పదిహేడేళ్ల కుర్రాడు
మూడు వారాలు బండి కింద పడుకుని
పైకి కాళ్లతోనే మాట్లాడాడు.
పదమూడో నంబర్ స్పానర్ కావాలంటే
కుడి మడమతో రెండుసార్లు నేల తన్నేవాడు.

ఆర్టీఓ ఆఫీసులో ఇన్‌స్పెక్టర్
ఇంజన్ నంబర్ మీద కాగితం పెట్టి
పెన్సిల్ అడ్డంగా రుద్దాడు,
చిన్నప్పుడు మేం రూపాయి బిళ్ల మీద రుద్దినట్టు.
ఎవరిదో నంబర్ నెమ్మదిగా తేలింది.
"ఎందుకమ్మా ఇదంతా? కొత్త బండి కొనుక్కోవచ్చుగా?"

చెప్పాలంటే పొద్దుపోతుంది సార్.
ఇది మా డ్రైవింగ్ స్కూల్ బండి.
పధ్నాలుగేళ్లు కోడంబాక్కం వంతెన మీద
ఎక్కుతూ, ఆగుతూ, వెనక్కి జారుతూ,
దీని క్లచ్ ఎంతమంది భయాన్ని తిన్నదో.
నలభై దాటితే నేనే ఆపేదాన్ని.
నా సీటు ఎడమవైపు.
నా కాలు రెండో బ్రేకు మీద.
ఎవరి చేతుల్లోనో బండి, నా పాదంలో వాళ్ల ప్రాణం.
అది స్కూలు మానేసిన రోజు
మూడు సిలిండర్లతో వణుకుతూ నిలబడితే
ఒక్కసారైనా పరుగెత్తనివ్వలేదే అనిపించింది.

ఇవన్నీ చెప్పలేదు.
"ఆశ సార్" అన్నాను.
స్టాంపు వేశాడు.

లెక్కల పుస్తకం మా ఆయనకి దొరికింది.
రెండుసార్లు కూడాడు,
రెండోసారి తప్పు వస్తుందేమో అని.
లక్షా పద్నాలుగు వేలు.
అమ్మితే ముప్పై కూడా రాదు.
అన్నం పెట్టమన్నాడు.

తెల్లవారుజాము ఐదింటికి మెరీనా పక్కన రోడ్డు ఖాళీ.
నా బండి, నా డబ్బు,
అయినా అలవాటుగా ఎడమ తలుపు తీసుకుని కూర్చున్నాను.
ఇన్బరాజ్ తాళం తిప్పాడు.
వంతెన దగ్గర దమ్ము పట్టిన ఆ పాత దగ్గు లేదు,
గొంతు లోతుగా, పరాయిగా ఉంది.
అరవై. డెబ్బై ఐదు.
విగ్రహాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వెనక్కి పోయాయి.
తొంభై దగ్గర నా కుడికాలు
తనంతట తనే ముందుకి వెళ్లి తొక్కింది.

అక్కడ ఏమీ లేదు.
రబ్బరు బిళ్లలతో మూసిన నాలుగు బోల్టు కన్నాలు,
చల్లటి రేకు.

"ఆపు" అన్నాను.
ఆపాడు. కొత్త బ్రేకులు బాగానే పట్టాయి.
"ఏమైందక్కా?"
దిగమన్నాను.
బండి ముందు నుంచి చుట్టి వెళ్తుంటే
బానెట్ వేడి చీర కుచ్చిళ్లకి తగిలింది.
కుడివైపు కూర్చుని
సీటు ముందుకి జరుపుకున్నాను.