ఒక గుర్తు

పసుపు ప్లాస్టిక్ కయాక్.
విశాఖలో ఎవరో వాడి వదిలేసింది, పద్దెనిమిది వేలు.
కళింగపట్నం ఇసుకలో దింపితే
పిల్లలు తట్టి చూశారు, డ్రమ్ములా మోగింది.

సూరాడ కామయ్య నవ్వలేదు.
"గేలం ఒగ్గీ. ముందు బోల్తా పడడం నేర్సుకో."
ఆ రోజంతా పడ్డాను.
ముక్కులో ఉప్పు, చెవిలో ఇసుక.
మర్నాడు పోస్టాఫీసులో
ముద్ర గుద్దడానికి చెయ్యి లేవలేదు,
బల్ల మాత్రం ఊగుతూనే ఉంది.

రెండో ఆదివారం కెరటాల లెక్క.
"పెద్దవి మూడొత్తాయి. ఆటిని పోనీ.
ఆ ఎనకాల సముద్రం ఊపిరి తీసుకుంటాది,
అప్పుడు తొయ్యి."
నేను తీసుకున్నాను, అది వదిలింది.
మళ్ళీ ఇసుకలోకే.

మూడో ఆదివారం దాటాను.
దాటాక ఇంత నిశ్శబ్దమా!
తెడ్డు చివరి చుక్క నీళ్ళలో పడిన చప్పుడు
నాకొక్కదానికే.

రొయ్య గుచ్చి తాడు వదిలితే
మొదట వచ్చింది జెల్ల.
ముల్లు బొటనవేల్లో దిగి
మోచేతి దాకా మంట పాకింది.
పక్క తెప్ప మీంచి కామయ్య:
"అదే నీ రసీదు, పోస్టమ్మా."

కచిడి ఎక్కడుంటుందని అడిగాను.
చాలాసేపు పొగాకు నమిలి
ఒడ్డుకేసి గెడ్డం ఎత్తాడు.
"లైట్‌హౌసు నెత్తి మీద
శాలిహుండం కొండ కూకున్నప్పుడు
నువ్వు ఆ గీత మీద ఉన్నట్టు."
గీత ఎంత పొడుగు?
"రంగం దాకా."
మరి రెండో గుర్తు?

తెప్ప తిప్పేశాడు.
"మా అయ్య నాకూ ఒకటే సెప్పేడు."

ఇప్పుడు సెలవు దొరికితే చాలు,
కొండనీ దీపాన్నీ ఒకటి చేసుకుని
ఆ గీత మీదే ముందుకీ వెనక్కీ,
సీసం గుండు జారవిడిచి
అడుగు తడుముకుంటూ.