కూరగాయల ఖాతా

ఫర్వానియాలో, మందుల షాపుకీ సిమ్ కార్డుల కొట్టుకీ మధ్య
మూడు మెట్లు దిగితే ఉసేనప్ప హోటలు.
బోర్డు మీద మూడు భాషల్లో 'ఫ్యామిలీ రెస్టారెంట్'.
వచ్చేవాళ్ళంతా ఫ్యామిలీని ఫోన్లో తెచ్చుకుని
నీళ్ళ జగ్గుకు ఆనించి, దాంతో మాట్లాడుతూ తినేవాళ్ళే.

లోపల ఫ్యామిలీ అంటే
సంగటి కెలికే కుళ్ళాయమ్మ,
గల్లాబల్ల కింద కూర్చుని ఎక్కాలు రాసుకునే రిజ్వానా,
ఉల్లిగడ్డలు తరిగి తరిగి ఏడుపంటే లెక్కలేని బావమరిది,
చివరాఖర్న, వాళ్ళకేమీ కాని నేను.

ఉసేనప్ప ధర్మాత్ముడని ఎవరన్నా అంటే నమ్మకండి.
చేతులు తుడుచుకునే కాగితం రెండోది లాగితే గుడ్లురుముతాడు.
తలుపు సందు కనబడితే చాలు
"ఎయ్యండబ్బా! ఏసీ అంతా బజార్న పోతాంది" అని అరుస్తాడు.

నాకు ఖాతా పుస్తకం అప్పజెప్పిన రోజు నవ్వాగలేదు.
బీరకాయ: మూడు సంగట్లు, ఊరిబిండి.
మునక్కాయ: నెల భోజనం.
గుమ్మడికాయ: భోజనం, ఫోను కార్డు, పన్నునొప్పి మాత్రలు.
కూరగాయలు అన్నం తినేదేందన్నా అంటే
చిల్లర లెక్కబెడుతూనే చెప్పినాడు:
"పుస్తకం ఎవురి చేతికన్నా పోతాది.
పేరు రాస్తే అప్పు మనిషికి అంటుకుంటాది.
కాయకేముంది, తెల్లారితే కొత్తది వస్తాది."

నిదానంగా ఒక్కొక్కరే తెలిసొచ్చారు.
మునక్కాయ అంటే ఆరు నెలలుగా జీతం రాని కంపెనీలో
నిచ్చెన అవసరం లేని పొడుగు మనిషి.
కాకరకాయ ఊరికే తిని, చారులో ఉప్పు తక్కువని
రోజూ కుళ్ళాయమ్మతో తగువు పడేవాడు.
బాకీ తీరితే పేజీకి అడ్డంగా ఒక గీత, అంతే.
తీరకపోతే అదీ లేదు.

సొరకాయ పేజీకి మాత్రం గీత పడలేదు.
ఇరవై రెండు భోజనాలు, ఒక జ్వరం గోళీ,
ఆ కింద ఉసేనప్ప వంకర అక్షరాల్లో
పెట్టె: ఒకటి.
విమానం: ఒకటి.
ఆ నెల రిజ్వానా బడి ఫీజు గురించి
వంటింట్లో గిన్నెలు చాలాసేపు మోగాయి.
మర్నాడు సంగటి ఎప్పటిలాగే వేడిగా ఉంది.

ఒక మధ్యాహ్నం పాత పుస్తకాల దుమ్ము దులుపుతుంటే
నేనూ దొరికాను.
ఎడారిలో గొర్రెల దొడ్డి నుంచి పారిపోయి వచ్చిన తారీఖు,
పక్కన, కరివేపాకు: పంతొమ్మిది రోజులు.
కడుపు రగిలింది.
కూరలో కరివేపాకునా నేను, ఏరి పారేసేటందుకా?
కుళ్ళాయమ్మ గరిటె ఆపలేదు.
"ఒరే, ఈ దేశంలో ఆ ఆకు విమానమెక్కి వస్తాది.
కట్ట ఎంతకు కొంటానో నీకెరికేనా?
నేను ఒక్క రెబ్బ పారేసింది ఎప్పుడన్నా సూసినావా?
నమిలి మింగుతా."
ఆ రోజునుంచి నా పళ్ళెంలో కూడా ఆకు మిగల్లేదు.

నిన్న రాత్రి, బల్లలు తుడిచేశాక
తలుపు సగం తెరుచుకుంది.
ఒకామె. చేతిలో సంచి లేదు.
కాళ్ళకు రెండు వేరువేరు ఇళ్ళ చెప్పులు.
"చారొక్కటే సాలు సామీ, డబ్బులు మళ్ళీ" అంటూ
గడప దాటకుండా తలుపు పట్టుకునే నిలబడింది.
ఏసీ గాలంతా ఆమె పక్కనుంచి వీధిలోకి పోతోంది.
ఉసేనప్ప తలుపు వైపు చూశాడు.
నోరు తెరిచి, మూసుకున్నాడు.

పుస్తకం తిప్పాను. దోసకాయ, దొండకాయ, చేమగడ్డ,
అన్నీ ఎవరో ఒకరివే.
"కాయలైపోయినాయన్నా."
"అయితే పండ్లు మొదులుపెట్టు" అన్నాడు, ఎన్నడూ లేనంత మెల్లగా.
బల్ల కిందనుంచి ఒక నిద్రమొహం లేచి
"సీతాఫలం" అంది.
రాశాను.

కుళ్ళాయమ్మ పొయ్యి మళ్ళీ వెలిగించింది.
ఆమె ఇంకా గడప మీదే ఉంది.
తలుపు వెయ్యమని
ఎవరూ అనలేదు.