ఆనపకాయకి రసీదు

మల్కాపురం గుడిలో రిజిస్టరు రాసేది నేనే,
పదకొండేళ్లుగా.
గోడ మీద షిప్‌యార్డు దుమ్ము తుడిచినంత మామూలుగా
పోయినవాళ్ల పేర్ల మీద గీత గీస్తాను,
స్కేలు పెట్టి, వంకర రాకుండా.

ఆ ఏడు కోతపండగ వేలానికి
రేవులో కొత్త క్రేను బిగించడానికొచ్చిన జర్మనాయన వచ్చాడు.
డెట్లెఫ్ హార్ట్‌విగ్.
చొక్కా వీపుకంటుకుపోయి, ఆఖరి బెంచీ మీద,
ఎవరో మర్చిపోయిన గొడుగులా.

దీవెనమ్మగారి పెరటి ఆనపకాయ పాటకొచ్చింది.
నలభై. అరవై. అరవై ఐదు.
ఆయన చెయ్యెత్తాడు: ఐదొందలు.
గుడంతా నవ్వింది. దీవెనమ్మగారు మాత్రం
"వండుకోడం వచ్చో రాదో ముందడగండి" అంది.

రసీదు పుస్తకంలో రెండు గళ్లు:
సంఘ సభ్యులు, సందర్శకులు.
ఎందులో టిక్కు పెట్టను సార్, అన్నాను.
చాలాసేపు ఆ గళ్లనే చూశాడు.

తర్వాత మెట్ల మీద, కాయ ఒళ్లో పెట్టుకుని చెప్పాడు.
వాళ్ల దేశంలో సంఘం జీతం చీటీలో ఉంటుందట,
పన్ను మీద ఇంకో పన్నుగా.
వద్దనుకుంటే పాస్టరుగారికి మొహం చూపించక్కర్లేదు,
సర్కారాఫీసులో టోకెను తీసుకుని కూచోవాలి.
ఆయన వెళ్లిన రోజు పక్క కుర్చీల్లో
పెళ్లి రాయించుకోడానికొచ్చిన జంట, చేతుల్లో పూలు.
ముప్పై యూరోలు, ఒక సంతకం.
"దేవుడి మీద కోపమా?"
"కాదు. అప్పుడు వంటగది కట్టుకుంటున్నాం."

వాళ్ల మామ్మ కోడిగుడ్లమ్మిన చిల్లర
ఈ తీరానికని ఒక డబ్బాలో వేసేదట.
డబ్బా మీద నల్ల పిల్లాడి బొమ్మ,
నాణెం పడితే తలూపేవాడు.
ఆ పిల్లాడు మా తాతే అయ్యుంటాడు.
తలూపడం మా ఇంట్లో అందరికీ వచ్చు.

తర్వాత నాలుగు ఆదివారాలు వచ్చాడు.
మాటలు రావు, రాగం మాత్రం వచ్చు.
మా అమ్మమ్మ బియ్యం చెరుగుతూ పాడిన రాగం,
రోజూ పిడికెడు దేవుడి కుండలో పోస్తూ పాడిన రాగం,
మా పేటలోనే పుట్టిందనుకున్నాను ఇన్నాళ్లూ.

ఆయనకి నేనేం చెప్పను?
ఈ రిజిస్టరులో నేను రిబ్కాని,
రేషన్ కార్డులో రేవతిని.
మా తమ్ముడు ఏలీయా, ఎమ్మార్వో ఆఫీసు కాగితంలో
ఎల్లారావు, హిందూ మాల.
ఆ కాగితమే వాడికి స్టీల్‌ప్లాంటు గేటు తీసింది.
అందుకే ఆలస్యంగా వస్తాడు, ముందే పోతాడు,
క్రిస్మస్ ఫొటోల్లో ఉండడు.
ప్రభువు బల్ల దగ్గర మోకాళ్లూనితే మాత్రం
వెనక వరస కదలదు.

ఆయన సంతకం పెట్టి బయటికొచ్చాడు.
మేం ఏ సంతకమూ లేకుండా లోపలున్నాం,
పరుపు కింద దాచిన డబ్బులా.

ఇదంతా చెప్పలేదు.
ఆనపకాయ పులుసు ఎలా పెట్టాలో చెప్పాను.
చివర్లో బెల్లం ముక్క వెయ్యమన్నాను.

మార్చిలో లెక్కలు చూస్తూ కమిటీ పెద్ద
ఆ కార్బను కాపీ మీద వేలు పెట్టారు.
ఐదొందలు. ఆనపకాయ ఒకటి. రెండు గళ్లూ ఖాళీ.
"ఇదేటమ్మా, ఎవులీయన?"

"కాయ కొన్నాయన" అన్నాను.