ముప్పై తొమ్మిదో వరుస

రాత్రి పదకొండున్నరకి
బంగారుపాళెం యార్డు నుంచి ఖాదర్‌వలీ ఫోను:
"మేడమ్, ఊరుండాది, భూమి లేదు."

సగం నిద్రలో ఇదేదో తత్వం అనుకున్నాను.
కాదు. కాటా ముందు ట్రాక్టరు, దాన్నిండా తోతాపురి,
చేతిలో పాసుపుస్తకంతో చెంగల్రాయులు,
వెనకాల అరవై బండ్ల హారన్లు.
టోకెన్ ఫారంలో మండలం నొక్కితే ఊళ్లు దిగుతున్నాయి,
ఎర్రగుంటపల్లె కూడా దిగింది.
దాన్ని నొక్కితే మాత్రం
ఆయన సర్వే నంబరు రావడం లేదు.

గ్రీమ్స్‌పేటలో కరెంటు పోయి గంటయింది.
మిద్దె మీద, ల్యాప్‌టాప్ వెలుతురుకి పురుగులు మూగుతుంటే
ఒక్కొక్కటే అడుగుతూ పోయాను.
సర్వర్ బతికుందా? ఉంది.
మండలం కోడు సరిగ్గా పోతోందా? పోతోంది.
పేరు చివర ఎవరైనా ఖాళీ వదిలారా?
కంటికి కనపడని ఆ తెల్లటి చోటు
పోయినేడు మూడు రోజులు ఏడిపించింది నన్ను.
ఈసారి అదీ కాదు.
క్వెరీని ఫారంలోంచి బయటికి లాగి
ఒంటరిగా నడిపించాను: ముప్పై ఎనిమిది ఊళ్లు.
అసలు పట్టికలో లెక్కపెట్టాను: ముప్పై తొమ్మిది.

ఎవరో దారిలో దిగిపోయారు.

"ఖాదర్, మీ ఊరెక్కడని ఆయన్నే అడుగు."
ఫోను చేతులు మారింది.
"ఏటికి ఇవతల మేడమ్మా. అవతల ఇంకో ఎర్రగుంటపల్లె ఉండాది.
వాళ్లకీ మాకూ పిల్లనిచ్చి పుచ్చుకునేదీ ఉండాది,
కొట్లాటా ఉండాది.
ముందంతా మా ఉత్తరాలు వాళ్లకి పోతా ఉండె,
వాళ్ల సావు కబుర్లు మాకొస్తా ఉండె."

నా వేళ్లు ఆగిపోయాయి.
క్వెరీ అడుగున రెండే మాటలు, గ్రూప్ బై.
ఒకే పేరున్న వరుసల్ని ఒక మూటగా కట్టి
చిన్న కోడు ఒక్కటే మిగిల్చాయి.
పెట్టింది నేనే. పోయిన మంగళవారం,
"ఒకే పేరు రెండుసార్లొస్తోంది, చూడ్డానికి బాలేదు" అని
పైనుంచి ఎవరో అంటే.
టీ చల్లారేలోగా అయిపోయిన పని.
రెండు గట్లు, రెండు రేషన్ షాపులు,
వేర్వేరు వారాల్లో రెండు గంగజాతరలు,
అన్నీ కలిపి చూడ్డానికి బాగుండే ఒక్క లైను.

మూట విప్పాను.
ప్రతి పేరు పక్కనా పంచాయతీ పేరు చేర్చాను.
"మళ్లీ తెరువు ఖాదర్."
హారన్ల మధ్య మౌసు చప్పుడు.
"రెండుండాయి మేడమ్."
"ఆయన్నే నొక్కమను."

తర్వాత నిద్ర రాలేదు.
ఎవరూ అడగని క్వెరీ ఒకటి రాశాను:
మంగళవారం నుంచి, ఆ ఊరి పేరు ఎంచుకుని,
టోకెన్ లేకుండా వెనక్కి పోయినవాళ్లు.

పదకొండు వరుసలు.
ఒక్కరూ ఫోను చెయ్యలేదు.
కోసిన కాయ ఎండలో ఎన్నాళ్లాగుతుందో
నాకు తెలీదు, ఖాదర్‌ని అడగాలి.
ఫోన్ నంబర్లు కాగితం మీద ఎక్కిస్తున్నాను,
ఏడో నంబరులో ఒక అంకె తక్కువుంది.