రాస్మీ వ్యాన్ మెట్ల మీద

రాస్మీ, ఇంజను ఆపెయ్.
ఈ గాలికి సగం మాటలు గొర్రెలకే పోతాయి,
మిగతా సగమైనా నీ చెవిన పడాలి.
ఇవిగో, మూడు పుస్తకాలు.
ఈ పదిహేను రోజుల్లో నువ్వు షెట్లాండ్ దీవులన్నీ చుట్టొచ్చావు,
నేను కిటికీ పక్క కుర్చీలోంచి లేవకుండానే
మూడు హత్యలు, రెండు పెళ్లిళ్లు,
ఒక సీల్ తల్లి కష్టాలు చూశాను.

ముందు హత్యలది.
శవం ఒడ్డున పడి ఉంది. సరే.
పొద్దున ఆరింటికి పోటు,
తొమ్మిదింటికల్లా మళ్లీ పోటు!
సముద్రానికి వేరే పని లేదా?
ఆ రాసినాయన ఎప్పుడైనా
చెప్పులు తడుపుకున్నాడా అసలు?
నలభై మూడో పేజీలోనే దొరికాడు హంతకుడు.
గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు
ఎవరూ అడక్కుండానే
ఆ రాత్రి తనెక్కడున్నాడో చెప్పుకొచ్చాడు డాక్టరు.
మా నాన్న ముప్పయ్యేళ్లు ఫెర్రీలో పనిచేశాడు.
అడక్కముందే సంజాయిషీ చెప్పేవాడి జేబులో
టికెట్టుండదని ఆయనే చెప్పాడు.

అయినా, అబద్ధమెందుకు, వదల్లేదు.
జూన్ కదా, చీకటి పడనే పడదు.
దీపమే వెలిగించని ఇంట్లో
ఎంత పొద్దుపోయిందో చెప్పేదెవరు?
చచ్చిపోయిన పిల్ల తల్లికి
పోలీసమ్మాయి ఫోన్ చేస్తుంది.
ఆ తల్లి, "ఆగమ్మా, పొయ్యి కట్టేసి వస్తా" అంటుంది.
అంతే.
తర్వాత రెండు పేజీలూ ఆ పొయ్యి గురించే.
మూడుసార్లు చదివాను.
పోటు సంగతి తెలియనివాడికి
అది ఎలా తెలిసిందో!

ఇక ప్రేమ పుస్తకం.
అట్ట మీద కోట, లోపల కేకుల దుకాణం.
ఈమధ్య అందరూ కేకులే చేస్తున్నారు రాస్మీ,
అంట్లు తోమేవాళ్లు ఒక్కరూ లేరు.
వాన కూడా ముద్దు పెట్టుకునేటప్పుడే పడుతుంది,
బట్టలారేసినప్పుడు పడదు.
ఆమె కళ్లు సముద్రంలా ఉన్నాయన్నాడతను.
ఏ సముద్రం?
ఫిబ్రవరిలోదా?
మా లౌరీ నా కళ్ల గురించి
నలభయ్యేళ్లలో ఒక్క ముక్క అనలేదు.
రోజూ రాత్రి నా రబ్బరు బూట్లు
స్టవ్ పక్కన బోర్లించేవాడు,
పొద్దున పాదం పెడితే వెచ్చగా ఉండేవి.
అది రాస్తే పేజీ కూడా నిండదు,
ఒప్పుకుంటాను.
కానీ చివర్లో, స్టేషన్లో,
ఆమె ట్రంకుపెట్టె లాక్కోకుండా
రెండో పిడి పట్టుకుని నడుస్తాడు చూడు,
అక్కడ మాత్రం పోనీలే అనుకున్నాను.

సీల్ పుస్తకం నాకు కాదు,
పక్కింటి ఈవార్‌కి. ఆరేళ్లవాడు.
వాళ్లమ్మకి సముద్రం మధ్య చమురు బావి దగ్గర ఉద్యోగం,
మూడు వారాలకోసారి వస్తుంది.
బొమ్మలు బాగున్నాయి, నీలం మరీ ఎక్కువ.
ఇప్పటి పిల్లల పుస్తకాల్లో జంతువులన్నీ
ఆఖర్న ఒకదాన్నొకటి క్షమాపణ అడుగుతాయి,
ఏదీ దేన్నీ తినదు.
గొర్రెపిల్లని కాకులేం చేస్తాయో
కళ్లారా చూసినవాడు వీడు,
అయినా నోరు మెదపలేదు.
పదకొండుసార్లు చదివించుకున్నాడు.
పన్నెండోసారి అడిగాడు:
"చంద్రుణ్ని వెతకడానికి అమ్మ వెళ్లిపోతే
పిల్లకి పాలెవరు పట్టారు?"
పేజీలు వెనక్కి తిప్పాను. ముందుకి తిప్పాను.
ఎక్కడా రాయలేదు.
అందుకే తొమ్మిదో పేజీ అంచున
వాడే పెన్సిల్‌తో ఒక ముసలి సీల్‌ని గీశాడు,
కళ్లద్దాలు పెట్టి, పాలసీసా ఇచ్చి.
జరిమానా ఎంతో చెప్పు, కడతాను.
చెరిపెయ్యకు.

ఇంకొకటి.
వచ్చే గురువారం కాక ఆపై గురువారం
పెద్దక్షరాల అరలోంచి తీసుకురా.
ఏం లేదులే,
ఈమధ్య అక్షరాలు కాస్త కదులుతున్నాయి.
ఆ అరలో అన్నీ ప్రేమ పుస్తకాలేనా?
చూపు తగ్గితే
హంతకుణ్ని పట్టలేమనుకున్నారా?
వెతుకు, ఒక్కటైనా ఉంటుంది,
ఆటుపోట్లు తెలిసినవాళ్లు రాసింది.